రాయమల్లు నాలుక

జీపు లైట్లు వీపు మీద పడుతున్నాయి.

రాయమల్లు వెనక్కి చూడడు. చూస్తే సైకిల్ పడుతుంది. సైకిల్ పడితే సీసా పగులుతుంది. సీసా పగిలితే... మొగిలయ్య పోతాడు!

తొక్కుతున్నాడు.

చొక్కా లోపల, పొట్టకు ఆనుకుని సీసా. పైన తువ్వాలతో బిగించి కట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా లోపల కల్లు కదులుతోంది.

వెనక హారన్. ఆగకుండా హారన్!

"ఆగే మల్లన్నా... ఆ సీసా ఇటియ్యి..."

కట్టయ్య గొంతు.

పాండురంగం కల్లు దుకాణంలో పనివాడు కట్టయ్య. జీపు కూడా పాండురంగానిదే. ఖిలా వరంగల్‌లో ఆ జీపును చూసి పక్కకు తప్పుకోని కుక్క లేదు.

సీసా ఇవ్వాలా? ఇస్తే ఏం చేస్తారో తెలుసు. మోరీలో పోస్తారు. మిగతా లొట్లలో, ఆ కల్లు కుండల్లో, ఉన్నదంతా పోసినట్టే.

తొక్కుతున్నాడు... యాభై మూడేళ్ల మోకాళ్లు కిర్రుమంటున్నాయి. సైకిల్ కూడా కిర్రుమంటోంది. రెండూ పాతవే.

మొగిలయ్య రాయమల్లు భార్య యాకమ్మకు తమ్ముడు. ఒక్కగానొక్క తమ్ముడు. ఇప్పుడు పెద్ద దవాఖానలో ఇనుప మంచం మీద కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు.

అతణ్ణి అక్కడ పడుకోబెట్టింది ఎవరు?

పాండురంగమా? కట్టయ్యా?

కాదు.

రాయమల్లు నాలుక!

*

ఆ నాలుక గురించి జనం చెప్పుకునే కథల్లో సగం అబద్ధం. మిగతా సగం రాయమల్లు స్వయంగా చెప్పినవి.

వారమంతా మిల్లులో మగ్గం దగ్గర ఉంటాడు. ఆదివారం వచ్చిందంటే తోటివాళ్లు సినిమాకు పోతారు, రాయమల్లు తాటివనాలకు పోతాడు. దూరమైతే సైకిల్‌ను బస్సు టాపు మీదకు ఎక్కిస్తాడు. కొత్త వనం, కొత్త చెట్టు, కొత్త కల్లు. తాటాకును దొప్పలా మడిచిన రేకు దోసిట పట్టుకుని ఒక్కటే రేకు తాగుతాడు. రెండోది ముట్టడు.

"రెండో రేకు తాగినోనికి మత్తు తెలుస్తది. చెట్టు తెల్వది" అంటాడు.

తొర్రూరు పక్కన ఒకసారి తాగి, ఈ చెట్టు మీద ఉడుత పిల్లలు పెట్టింది అన్నాడట. గీసేవాడు ఎక్కి చూస్తే మూడు పిల్లలు! మరిపెడలో ఇంకోసారి రేకు దించి, ఈ చెట్టు గీసినోడు పొద్దున పెండ్లాంతోని కొట్లాడిండు అన్నాడట. గీసినవాడు తల గోక్కున్నాడు. వాడి పెళ్లాం మాత్రం ఇంట్లోనుంచి, నిజమే అన్నదట.

అట్లాంటి నాలుక.

ఎండాకాలంలో ఈ ఆదివారం, ఇవాళ పొద్దుననే, కోటగోడ పక్కన పాండురంగం కొత్త దుకాణం తెరిచాడు. అందరి మధ్యలో కుర్చీ వేయించాడు. రాయమల్లును చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు.

"మొదటి రేకు మా మల్లన్నది. మల్లన్న బాగుందంటెనే అమ్ముత. లేకుంటె దుకాణం మూస్త" అన్నాడు.

అంతవరకు రాయమల్లుకు ఎవరూ కుర్చీ వేయలేదు.

తాగాడు.

నాలుక కొసకు తీపి. మధ్యలో పులుపు. చివర... చురుక్కుమంది!

చెట్టుది కాదు. లొట్టిది కాదు. మందుల షాపు ముందు నుంచి పోతే వచ్చే వాసన లాంటిది.

తెలిసింది. ఆ క్షణానే తెలిసింది.

కానీ అందరూ చూస్తున్నారు. పాండురంగం నవ్వుతున్నాడు. కుర్చీ మెత్తగా ఉంది.

"ఎట్లుందే అన్నా?"

"తొర్రూరు కల్లు దీని కాలిగోటికి సరిరాదు."

జనం ఎగబడ్డారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. అడుగు కల్లు చిక్కగా ఉంటుందని, "మా బామ్మర్దికి లొట్టి అడుగుది పొయ్యుండ్రి" అని దర్జాగా చెప్పాడు.

పొడి ఏదైనా ఉంటే ఎక్కడికి దిగుతుంది?

అడుక్కే కదా!

మిగతావాళ్లు మత్తుగా ఇళ్లల్లో పడుకున్నారు. మొగిలయ్య ఒక్కడే కుప్పకూలాడు. పడబోతూ కూడా బావను చూసి నవ్వాడు. "నువ్వు చెప్పినంక ఇంకేంది బావా... మంచి కల్లే" అన్నాడు.

ఆ మాట ఇప్పుడు సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చుని వస్తోంది.

*

"ఆగే... ఆగరాదే..."

లైట్లు దగ్గరవుతున్నాయి.

డాక్టర్ అబ్దుల్ కరీం చెప్పిన మాట చెవుల్లో మోగుతోంది.

"చూడు పెద్దాయనా. కల్లుల మత్తు పొడన్న కలిపి ఉంటరు, చెడ్డ స్పిరిట్ అన్న కలిపి ఉంటరు. స్పిరిట్ అయితే దానికి సారాయి లాంటి మందే విరుగుడు. నరంలోకి ఎక్కిస్తం. మత్తు పొడి తాగిన మనిషికి అదే ఎక్కిస్తే ఇగ లేవడు. అందాజగ చేసే పని కాదు. ఆయన తాగిన కల్లు తే. జర జల్ది తే."

తేవడానికే పోయాడు. అప్పటికే దుకాణానికి తాళం. వెనక తడిక ఎత్తి లోపలికి దూరాడు. చీకటి. చేత్తో తడుముకుంటూ ఒక్కో లొట్టి చూశాడు. ఖాళీ. కడిగారు. ఇదీ ఖాళీ. అదీ ఖాళీ...

మూలలో, గోడవార, ఒక్కటి నిండుగా తగిలింది!

సీసాలోకి వంపుకున్నాడు. వేలికి అంటిన చుక్క అలవాటు కొద్దీ నోటి దాకా పోయింది. పెదవి దగ్గర ఆగింది.

ఒట్టు!

మధ్యాహ్నం యాకమ్మ తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "ఇగ ఈ నాలిక మీద కల్లు బొట్టు పెట్టనే." యాకమ్మ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది, అంతే.

వేలును పంచెకు తుడుచుకున్నాడు. బయటికి వచ్చాడు. సైకిల్ ఎక్కాడు. అప్పుడే జీపు స్టార్టయింది.

*

రాతి దర్వాజా!

కోట దర్వాజా లోపల రోడ్డు పాములా తిరుగుతుంది. ఇటు మలుపు. అటు మలుపు. బయట పడగానే నీళ్ల పైపు కోసం అడ్డంగా తవ్విన కాలువ. నడుములోతు ఉంటుంది. దాటడానికి ఓ పక్కన బల్ల. జీపులు, బండ్లు పోయేందుకు ఎడమ పక్క మాత్రం ఇనుప రేకులు పరిచి ఉన్నాయి. కుడి పక్క ఉత్త గుంత. ఆ గుంత ముందు కట్టెకు వేలాడుతూ ఎర్ర లాంతరు.

సైకిల్ బల్ల మీద నుంచి దాటించాడు.

దాటి, ఆగాడు.

లాంతరు వైపు చూశాడు.

వెనక దర్వాజాలో ఇంజిన్ మోత రాళ్లకు కొట్టుకుని నాలుగు జీపుల మోతలా వస్తోంది.

ఒక్క ఊదు. అంతే కదా. ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు. ఎవరినీ తిట్టనక్కర్లేదు.

ఉఫ్...

చీకటి!

సైకిల్ ఎక్కాడు. పది తొక్కులు కూడా తొక్కలేదు. బ్రేకుల అరుపు... ఇనుము కూలిన చప్పుడు... అద్దం పగిలిన చప్పుడు. తర్వాత హారన్. ఇరుక్కుపోయి, ఒకే గొంతుతో, ఏడుపులా.

కాసేపటికి అదీ ఆగింది.

రాయమల్లు సైకిల్ ఆపాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు.

"కట్టయ్యా..." చిన్నగా పిలిచాడు.

మెడ తిప్పి చూశాడు. దర్వాజా దగ్గర చీకటే.

వెనక్కి పోతే? సీసా ఆలస్యం. పోకపోతే?

పోలేదు. తొక్కాడు. నా తప్పు కాదు, నా తప్పు కాదు అనుకుంటూ తొక్కాడు. పొద్దున కూడా నోరు ఇట్లాగే ఎవరూ అడగని మాటలు చెప్పింది.

*

పెద్ద దవాఖాన.

డాక్టర్ కరీం సీసా అందుకుని గదిలోకి పోయాడు. రాయమల్లు గుమ్మంలో నిలబడ్డాడు.

గాజు గొట్టంలో కొంచెం కల్లు. పైన రెండు మందుల చుక్కలు. కింద చిన్న మంట.

"ఎర్రగా మారితే మత్తు పొడి" అన్నాడు డాక్టర్, కళ్లు తిప్పకుండా.

చూస్తున్నారు.

మారలేదు.

ఇంకా చూస్తున్నారు. మారలేదు!

"మత్తు పొడి లేదు. స్పిరిట్టే అన్నట్టు." డాక్టర్ లేచాడు. "విరుగుడు ఉంది పెద్దాయనా. నువ్వు పోయి కూర్చో." మిగిలిన కల్లున్న సీసా అతని చేతిలో పెట్టి వార్డులోకి పోయాడు. తలుపు మూసుకుంది.

రాయమల్లు బెంచీ మీద కూలబడ్డాడు. పక్కన యాకమ్మ.

"ఏమన్నడు?"

"విరుగుడు ఉందట."

యాకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పొద్దుటి నుంచి మొదటిసారి అతని వైపు తిరిగింది.

"గంత చెమట పట్టిందేంది. ఎవలన్న తరిమిండ్రా?"

"లేదు."

"అబద్ధం చెప్తె నీ చెవులు కదులుతయి. పెండ్లైన కాంచి చూస్తాన."

రాయమల్లు చెవులు పట్టుకున్నాడు. యాకమ్మకు నవ్వు రాబోయింది. వచ్చేలోపే ఆగింది. అతని చెయ్యి పట్టి దీపం కిందికి లాగింది.

"పసుపేంది వేళ్లకు?"

చూశాడు. నిజమే. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద... పసుపు. కుంకుమ కూడా.

అర్థం కాలేదు.

బయట రిక్షా ఆగింది. ఎవరో దిగారు. కుంటుతూ వరండాలోకి వస్తున్నారు. నుదుటి నుంచి రక్తం. ఒక చెయ్యి వేలాడుతోంది.

కట్టయ్య!

రాయమల్లు లేచాడు. సీసాను వీపు వెనక దాచాడు.

"దగ్గరకు రాకు."

"ఎందుకురికినవే అన్నా..." కట్టయ్య గోడకు ఆనుకున్నాడు. "లాంతరు ఏమైందో ఏమో... గుంత కనబడలే. ఆ సీసాల కల్లు డాక్టర్‌కు ఇచ్చినవా?"

"ఇచ్చిన. నీ సావుకారికి పోయి చెప్పు."

"అయ్యో..." కట్టయ్య కూర్చుండిపోయాడు. "మూలకున్న లొట్టి కదా?"

"అయితే?"

"అది దేవుని లొట్టి అన్నా. కాటమయ్యకు పెట్టింది."

రాయమల్లు తన వేళ్ల మీది పసుపు చూసుకున్నాడు.

"కొత్త దుకాణం తెరిస్తె మొదటి లొట్టి దేవునికి పెడ్తం. పసుపు కుంకుమ పెట్టి మూలకు పెడ్తం. ఆ కల్లుల ఏం కలుపం. ఎంత లుచ్చాగాళ్లమైనా దేవునికి కలిపింది పెట్టం. వంద దుకాణాలు తిరిగినవ్, నీకు తెల్వదా?"

తెలుసు. వంద చోట్ల చూశాడు. వంద చోట్ల ఆ లొట్టికి దండం పెట్టి మరీ రేకు పట్టాడు.

"అందరికి పోసిన దాంట్ల మత్తు పొడి కలిపింది నేనే. సావుకారి కలపమన్నడు, కలిపిన. మొగిలన్న పడ్డడని తెలిసినంక పానం నిలువలే. పొట్లం తెచ్చి డాక్టర్‌కు చూపిద్దామని దుకాణానికి వచ్చిన. నువ్వు ఎనుకకెల్లి ఎల్లిపోతానవ్. ఆగితె చెప్పేటోన్ని గద."

బొడ్లోంచి పొట్లం తీశాడు. తెల్ల పొడి. మందుల షాపు వాసన.

రాయమల్లు తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధం. సావుకారే పంపిండు నిన్ను. డాక్టర్‌ను తికమక చేద్దామని పంపిండు."

"తాగి చూడు. నీ నాలికకు తెల్వందేమున్నది."

"తాగను. ఒట్టు పెట్టుకున్న."

యాకమ్మ లేచింది. పసుపు అంటిన ఆ చేతిని తీసుకుని తన తల మీద పెట్టుకుంది. మళ్లీ తీసేసింది.

"ఒట్టు తీసేసిన. తాగు. ఇప్పుడన్న ఉన్నది ఉన్నట్టు చెప్పు."

సీసా ఎత్తాడు.

ఒక్క గుటక.

నాలుక కొసకు తీపి. మధ్యలో చిన్న పులుపు. చివర... ఏమీ లేదు. చల్లదనం తప్ప ఏమీ లేదు.

లేత చెట్టు. కొత్త లొట్టి. తలస్నానం చేసి ఎక్కినవాడు గీసింది. తూర్పు ఎండ తగలకముందే దించింది. నాలుక వరసగా చెబుతూనే పోతోంది... మరిపెడలో లేదు ఇట్లాంటిది. తొర్రూరులో లేదు. ఇన్నేళ్లలో, ఇన్ని వనాల్లో, ఇంత మంచి కల్లు తాగలేదు!

"చెప్పు" అన్నది యాకమ్మ.

రాయమల్లు వార్డు వైపు పరిగెత్తాడు. సీసా చేతిలోంచి జారి గచ్చు మీద పగిలింది. తలుపు మీద రెండు చేతులూ వేసి నెట్టాడు.

తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.

డాక్టర్ కరీం. చేతులు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఫికర్ చేయకు పెద్దాయనా. నీ సీసాతోనే తేలింది. మందు మొత్తం ఎక్కించేసినం."