అత్తగారి గౌను అంచున బురద

పొద్దున్న ఆరు దాటినా లైటు వెయ్యందే వంటింట్లో ఏమీ కనబడటం లేదు. ఈ అరబ్బు దేశపు ఊరు సలాలాలో వానాకాలం అంటే అంతే. గట్టిగా ఒక్క వాన కురిసి ఊరుకోదు, సన్నటి తుంపరగా రోజుల తరబడి నెత్తిన కూర్చుంటుంది. తుఫూల్ పాల టీ మూడు గ్లాసుల్లో పోసింది. ఒకటి మామగారు బఖీత్‌కి, ఒకటి తనకి, మూడోది అత్తగారు షమ్సాకి. షమ్సా గది తలుపు మాత్రం ఇంకా మూసే ఉంది.

"అత్తయ్యా, టీ చల్లారిపోతోంది."

"మోకాళ్ళు పట్టేశాయి. లేవలేను. నువ్వు వెళ్ళిరా" అని లోపల్నుంచి గొంతు వినబడింది.

తుఫూల్‌కి ఒళ్ళు మండింది. మొన్న పక్కింటి పెళ్ళిలో రెండు గంటలు నిలబడి పాటలు పాడిన మోకాళ్ళు సరిగ్గా ఈ పొద్దున్నే పట్టేశాయా? ఆ ఇంట్లో ఎవరు మంచి పని మీద గడప దాటినా షమ్సా సాంబ్రాణి వెయ్యకుండా పంపదు. కొడుకు మహాద్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు ఎంత పొగ వేసిందంటే, ఇల్లు తగలబడుతోందని పక్కవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. కోడలి డ్రైవింగ్ టెస్టు రోజున మాత్రం నిప్పు కూడా రాజెయ్యలేదు.

"పోనీలే అమ్మాయ్, దాని సాంబ్రాణి లేకపోతే కారు కదలదా?" అన్నాడు బఖీత్ టీ ఊదుకుంటూ.

కారు కదులుతుంది. కదలాలి కూడా. కొండ మీద ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు పోస్టు నాలుగేళ్ళు కాచుకుంటే వచ్చింది. ఆదివారం చేరాలి. బడికి నలభై కిలోమీటర్లు, బస్సు లేదు. మహాద్ నెలలో మూడు వారాలు ఎడారిలో చమురు బావుల దగ్గరే ఉంటాడు. బఖీత్ కళ్ళకి పొరలొచ్చి స్టీరింగు వదిలేసి రెండేళ్ళయింది. హెడ్‌మిస్ట్రెస్ మొహమాటం లేకుండా చెప్పేసింది: "రాకపోకలు మీరే చూసుకోవాలి. ఆదివారం మీరు కనబడకపోతే లిస్టులో తర్వాతి అమ్మాయిని పిలుస్తాను." ఈ మంగళవారం టెస్టు పాసైతేనే ఆ ఉద్యోగం.

పోస్టు కాగితం వచ్చిన రోజు షమ్సా అన్న మాట కూడా తుఫూల్ మర్చిపోలేదు. "ఈ మంచులో కొండ రోడ్డు, కారు, ఉద్యోగం... ఎందుకొచ్చిన గోలమ్మా ఇదంతా?" అంది. అంతే అంది. కానీ ఆ ఒక్క మాటనీ కోడలు నెల రోజులుగా లోపలే నమిలి నమిలి పెద్దది చేసుకుంది.

డ్రమ్ముల మధ్య రివర్సూ, ఎత్తు మీద ఆపి మళ్ళీ లాగడమూ పోయిన వారమే పాసయింది. ఇక మిగిలింది రోడ్డు టెస్టు. పక్క సీట్లో పరీక్ష పెట్టే సార్జెంటు, ఒళ్ళో ఫైలు. మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చున్నాడు. తుఫూల్ చక్కగా నడిపింది. రౌండబౌట్ దగ్గర ఆగింది, అద్దాలు చూసింది, సిగ్నల్ ఇచ్చింది. అరటితోటలు దాటి, రోడ్డు పక్కన వరసగా కొబ్బరిబోండాల కొట్లు ఉన్నచోటికి వచ్చేసరికి ఎదురుగా మంచులోంచి ఒక ఒంటె నడిరోడ్డు మీదికి వచ్చి నిలబడింది.

తుఫూల్ బ్రేకు తొక్కింది. కారు ఒంటెకి పది గజాల ముందే ఆగింది. అంతవరకూ బాగానే ఉంది. అక్కడే ఉండి, ప్రమాదం లైట్లు వేసి, అది తప్పుకునేదాకా ఆగితే ఈ కథే లేదు. కానీ ఆ ఎర్రటి ఒంటె చెంప మీద ఉన్న ముద్ర వాళ్ళింటిది. అది హమ్రా. ఎడమ కన్ను కనబడదు. వెనకనుంచి లారీ హారన్ మోగింది. పరాయి ఒంటె అయితే ఆమె కూడా కదలకుండా కూర్చునేదేమో. ఒంటెల కొట్టంలో పుట్టిపెరిగిన పిల్ల, ఇంటి ఒంటె కళ్ళెదుట లారీ కింద పడబోతుంటే రూల్సు గుర్తు తెచ్చుకుంటుందా? తలుపు తీసి దిగిపోయింది. "హో హో హో, దా తల్లీ, దా" అంటూ మెడ మీద చెయ్యి వేసి పక్కకి నడిపించింది.

తిరిగి చూస్తే కారు మెల్లగా ముందుకి దొర్లుతోంది. హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు. సార్జెంటే లాగాడు.

"ఇంజను ఆడుతుండగా కారు వదిలేసి దిగిపోయావు. నేను చెయ్యి పెట్టాల్సొచ్చింది. ఫెయిల్" అన్నాడు, ఫైలులో రాస్తూ. "మళ్ళీ టెస్టు పదిహేను రోజుల తర్వాత."

"అది మా ఒంటె సార్. చచ్చిపోయేది."

"మీదే అయితే మరీ మంచిది. ఇంటికెళ్ళి మీవాళ్ళకి నాలుగు చీవాట్లు పెట్టు." ఆయన అద్దంలోంచి ఒంటె వంక చూశాడు. "ఒంటెలు రోడ్డు మీదికొస్తే మందగా వస్తాయి. ఇది ఒక్కతే ఎలా వచ్చింది?"

సార్జెంటు కారు తీసుకుని వెళ్ళిపోయాక, ఆ ప్రశ్న దారంతా తుఫూల్ చెవిలో జోరీగలా తిరిగింది. హమ్రాని తాడు పట్టుకుని నడిపించుకుంటూ ఇంటి వెనక దొడ్డికి వచ్చింది. వానాకాలంలో కొండలు జారుడుగా ఉంటాయని ఒంటెల్ని కిందికి దించి అక్కడే ఉంచుతారు. దొడ్డి గేటు బార్లా తెరిచి ఉంది. గేటుకి కట్టే తాడు తెగలేదు, కొరికినట్టూ లేదు. ఎవరో వేళ్ళతో శుభ్రంగా విప్పి కంచె మీద వేశారు. మిగతా ఒంటెలు మేత దగ్గరే ఉన్నాయి. ఆ గేటుని రోజంతా ముట్టుకునేది ఇంట్లో ఇద్దరే. బఖీత్ పొద్దున టీ తాగిన దగ్గర్నుంచి మసీదు దగ్గర అరుగు మీద స్నేహితులతో ఉన్నాడు. మిగిలింది మోకాళ్ళు పట్టేసిన మనిషి.

దొడ్లోనే నిలబడి మహాద్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"మీ అమ్మే వదిలింది దాన్ని."

"పిచ్చా తుఫూల్ నీకు? మా అమ్మ అలాంటిది కాదు."

"అయితే ఒంటె పళ్ళతో ముడి విప్పుకుని, తాడు మడతపెట్టి కంచె మీద ఆరేసి వచ్చిందా?"

"నువ్వు టెస్టు పోయిందన్న బాధలో ఉన్నావు. కాస్త తమాయించుకో..."

"మీ అమ్మ మీద ఈగ వాలనివ్వవు కదా నువ్వు!" అని ఫోన్ పెట్టేసింది.

షమ్సా గదిలో పరుపు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తలుపు దగ్గర కోడల్ని చూడగానే కళ్ళు దించుకుంది. "ఏమైంది?" అని కూడా అడగలేదు. అది చాలు తుఫూల్‌కి. టెస్టుకెళ్ళి వచ్చిన మనిషిని ఏమైందని అడగలేదంటే ఏమైందో తెలుసన్నమాట.

"ఫెయిలయ్యాను అత్తయ్యా. మీకు తెలుసనుకుంటా."

"నాకెలా తెలుస్తుంది? లేచింది లేదు, పెట్టింది లేదు..."

"లేవలేదా? అయితే ఆ గౌను సంగతేంటి?"

మా ధోఫార్ ప్రాంతం ఆడవాళ్ళ గౌను ముందు పొట్టిగా ఉండి వెనక నేల మీద జీరాడుతుంది. షమ్సా నల్ల మఖమల్ గౌను వెనక అంచు పరుపు పక్కన పరుచుకుని ఉంది. జానెడు మేర తడి ఎర్రమన్ను, అందులో అంటుకున్న దొడ్లోని గడ్డిపరకలు. షమ్సా అంచుని గబగబా కాళ్ళ కిందికి లాక్కుంది.

ఈలోగా బఖీత్ వచ్చాడు. "ఏంటీ అరుపులు? వీధి చివరికి వినబడుతున్నాయి."

"అడగండి మామయ్యా మీరే. దొడ్డి గేటు ఎవరు విప్పారో అడగండి."

"ఏమే మహాద్ తల్లీ? నువ్వా?"

షమ్సా గౌను అంచుని ఇంకాస్త లోపలికి నొక్కుకుంది. తర్వాత, "అవును. నేనే విప్పాను" అంది.

"విన్నారా!" తుఫూల్ గొంతు పగిలిపోయింది. "నాలుగేళ్ళు ఎదురుచూశానే ఆ ఉద్యోగానికి! వద్దనుకుంటే నా మొహం మీద వద్దని చెప్పాల్సింది. నోరులేని జంతువుని, అందులోనూ కన్ను లేనిదాన్ని, లారీల మధ్యకి తోలతారా? అది చచ్చినా పర్లేదు, నేను పాసవకపోతే చాలా? ఇదేం మనసు అత్తయ్యా?"

"అమ్మాయ్, కాస్త ఆగు..." అన్నాడు బఖీత్.

"ఆగను. నేను మా పుట్టింటికి పోతున్నాను."

షమ్సా నోరు తెరిచింది, మళ్ళీ మూసేసుకుంది. ఒక్క మాటైనా తిరిగి అంటే తుఫూల్ ఇంకో పది అనేది. అనకపోవడం చూసి ఆమెకి ఇంకా కసి పుట్టింది. బట్టలు పెట్టెలో కుక్కింది. అన్నయ్యకి ఫోన్ చేసి, ఇంటి ముందు కాదు, కొబ్బరిబోండాల కొట్ల దగ్గరికి కారు తీసుకురమ్మంది. ఆ గుమ్మం ముందు ఇంకో క్షణం నిలబడనంది.

కొట్ల దగ్గరికి వచ్చేసరికి తుంపర కాస్త తగ్గింది. మొదటి కొట్టు కోయాది. కేరళ నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది కానీ అరబ్బీ ఇప్పటికీ బోండాం కొట్టినట్టే ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. తుఫూల్‌ని చూడగానే లేచి, ఐస్ డబ్బాలోంచి ఒక బోండాం తీసి, నెత్తి చెక్కి, స్ట్రా గుచ్చి చేతిలో పెట్టాడు.

"నేను అడగలేదే?"

"నువ్వు అడగలేదు. అమ్మ చెప్పింది. డబ్బు ఇచ్చేసింది పొద్దున్నే."

"ఏ అమ్మ?"

"మీ అమ్మ. బఖీత్ భార్య." కోయా కొట్టు వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీ చూపించాడు. "తెల్లారి నమాజు అవగానే వచ్చింది. ఇంటికి వెళ్ళి, నువ్వు బయల్దేరాక మళ్ళీ వచ్చింది. అక్కడ దాక్కుని కూర్చుంది. డ్రైవింగ్ స్కూలు కారు వస్తే చాలు, 'ఇదేనా కోయా? ఇదేనా?' అని నా ప్రాణం తీసింది. 'నా కోడలు పాసై ఇటే వస్తుంది, గొంతు ఎండిపోయి ఉంటుంది, చల్లది ఇవ్వు' అంది. నీ కారు వచ్చినప్పుడు లేచి నిలబడింది. 'చూడు, చూడు, ఎంత బాగా తిప్పుతోందో' అని ఏడ్చింది."

తుఫూల్ చేతిలో బోండాం బరువెక్కింది. "మరి ఒంటె?"

"అది ఆవిడ వెనకాలే వచ్చింది కదా! ఆవిడ చూసుకోలేదు. మంచు. చూసేసరికి రోడ్డు మీద ఉంది. పరుగెత్తబోయి ఇదిగో ఇక్కడ బురదలో పడింది. లేపితే, 'నన్ను చూశానని చెప్పకు కోయా' అంది. చెప్పేశాను. నా నోరు ఇంతే."

తల్లి చచ్చిపోయిన హమ్రాని సీసాతో పాలు పట్టి పెంచింది షమ్సానే. అది తెలియని మనిషి ఆ వీధిలో లేడు. గేటు తెరిచి ఉంటే ఆమె ఎక్కడికి వెళ్తే అక్కడికి వస్తుంది. కొట్ల దగ్గరికి దొడ్లోంచి వెళ్తే అడ్డదారి. ఆత్రంలో వెళ్తూ తాడు మళ్ళీ కట్టడం మర్చిపోయి ఉంటుంది. అంతే జరిగింది. ఇందులో కుట్ర ఎక్కడుంది? ఇంత చిన్న విషయం తట్టకుండా, కొట్టంలో పెరిగిన తను ఎన్ని మాటలంది ఆవిణ్ణి! తుఫూల్ రోడ్డు పక్కనే, అంతమంది చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నయ్యకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి షమ్సా వరండాలో మోకాలికి నూనె రాసుకుంటోంది. మోకాలి చిప్ప మీద దోక్కుపోయి నెత్తురు గడ్డకట్టి ఉంది. తుఫూల్ పెట్టె అక్కడే పడేసి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? నేను అన్ని మాటలంటుంటే ఎందుకు నోరు మూసుకుని కూర్చున్నారు?"

"ఆ కోయా గాడి నోరు పడిపోను" అంది షమ్సా. ఆమె కళ్ళు కూడా నిండాయి. "ఏమని చెప్పనే? నిన్ను చూడ్డానికొచ్చి నీ ఉద్యోగం చెడగొట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? దానికన్నా చెడ్డదాన్ని అనిపించుకోవడమే నయం అనిపించింది."

"వస్తానని ముందే చెప్తే ఏం పోయింది?"

"కారు నేర్చుకునేటప్పుడు నేను గేటు దగ్గర నిలబడి చూస్తేనే గోడకి గుద్దావు కదే ఆ రోజు! నేనున్నానని తెలిస్తే చేతులు వణుకుతాయి నీకు. అందుకే మోకాళ్ళని సాకు చెప్పాను. సాంబ్రాణి వేస్తే వాసనకి నువ్వు నా గదిలోకొస్తావు, ముసుగేసుకుని తయారుగా ఉన్నానని తెలిసిపోతుంది."

"ఎందుకొచ్చిన గోల అన్నారు కదా మీరు, ఆ రోజు..."

"భయమేసి అన్నాను. కొండ మంచులో పోతావని భయం. అంటే, వెళ్ళొద్దనా?" షమ్సా ముక్కు తుడుచుకుంది. "అరవై రెండేళ్ళు వచ్చాయి నాకు. ఒంటె మీద కూర్చున్నా మగాడి వెనకే, కారెక్కినా మగాళ్ళ వెనకే. మా అమ్మా అంతే, మా అక్కా అంతే. మనింటి ఆడపిల్ల ముందు కూర్చుని తిప్పుకుంటూ పోతుంటే ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది. చూశాను. చూసి పాడు చేశాను."

తుఫూల్ ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. "నన్ను క్షమించండి అత్తయ్యా" అంది.

"లే, లే. ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది. నువ్వు పెట్టె సర్దుతుంటే నేను సుహైల్ వాళ్ళావిడకి ఫోన్ చేశాను. వాడి బండి రోజూ కొండ మీద ఆవుల కొట్టాలకి దాణా తీసుకెళ్తుంది. ఆదివారం నుంచి వచ్చే టెస్టు దాకా నిన్ను బడి దగ్గర దింపి, మళ్ళీ తీసుకొస్తానన్నాడు. పరాయి మగాడితో ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తాను."

"ఇక్కడి ఆవుల దాణా అంటే ఎండు చేపలు! ఆ కంపుతో క్లాసులోకి వెళ్ళాలా?"

"వెళ్ళు. పిల్లలు ముక్కు మూసుకుంటారు, చెవులు మూసుకోరు కదా."

"ఈ మోకాలితోనా మీరొచ్చేది? ఆ గతుకుల్లో?"

"మోకాలు నాది. నీకెందుకు?"

తుఫూల్ ఏడుపులోనే నవ్వింది. షమ్సా ఆమె తల నిమురుతూ, కాస్త సిగ్గుపడుతూ గొంతు తగ్గించింది. "లైసెన్సు వచ్చాక మాత్రం మొదటిరోజు నన్నెక్కించుకో. నీ పక్కన, ముందు సీట్లో."

"మీరు కాకపోతే ఇంకెవరు కూర్చుంటారు అత్తయ్యా అక్కడ?"

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న బఖీత్ గొంతు సవరించుకున్నాడు. "మరి నేనో?"

"వెనక!" అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే.