ఎవాంథియా గొంతు

కొండ మలుపులో ఎవాంథియా నడిపిన పూటకూళ్ల టవెర్నా మూతబడిన దగ్గర్నుంచీ, చీకటి పడితే ఆ దారిన పోవడానికి ఊళ్లో ఎవరికీ గుండె చాలేది కాదట. ఆవిడ పోయిన చలికాలమే చనిపోయింది. కానీ మూసిన వంటింట్లోంచి ఉల్లిపాయలు వేగే వాసన వస్తుంది... ఆవిడ గొంతు కూడా వినబడుతుంది...

గొర్రెల కాపరి స్టెర్గియోస్ నవ్వేసేవాడు. ఓ సాయంత్రం సంతలో జున్ను అమ్ముకుని వస్తుంటే వాన పట్టుకుంది. పై దారి కోసుకుపోయింది. ఇక మిగిలింది ఆ మలుపు దారే.

టవెర్నా దగ్గరకొచ్చేసరికి బాగా చీకటి పడింది. లోపల ఏదో మినుకుమంది.

"రొట్టె కొయ్యవయ్యా! ఎంతసేపు?"

ఆడగొంతు. ఎవాంథియాదే — అదే కసురు, చివర్లో అదే పొడిదగ్గు!

స్టెర్గియోస్ పరిగెత్తబోయి... ఆగిపోయాడు. తల్లి లేని పిల్లాడని చిన్నప్పుడు పిలిచి పిలిచి అన్నం పెట్టిన మనిషి. దెయ్యమైతే మాత్రమేం? ఒక్కసారి చూస్తే చాలనిపించింది.

తలుపు తోశాడు.

కొవ్వొత్తి ముందు ఆవిడ మొగుడు ప్రొకోపిస్. ఒక్కడే. బల్ల మీద రెండు పళ్లేలు.

"కోస్తున్నానే," అన్నాడు ముసలాయన. మళ్లీ తనే నోరు తెరిచి — "సన్నగా కొయ్యి" — ఆవిడ గొంతుతో!

అప్పుడు చూశాడు స్టెర్గియోస్‌ని. చేతిలో కత్తి జారిపోయింది.

"మామా... నువ్వా?"

"ఎవరికీ చెప్పకురా. పిచ్చెక్కిందంటారు." గుసగుసగా అన్నాడు. "దాని గొంతు మర్చిపోతున్నాను రా. మొహానికి ఫోటో ఉంది. గొంతుకేముంది? ఇక్కడ వండుతుంటే... కాస్త గుర్తొస్తుంది."

స్టెర్గియోస్ తడిసిన కోటు విప్పి, ఆవిడ కోసం పెట్టిన పళ్లెం ముందు కూర్చున్నాడు. చిక్కుడు గింజలు సరిగ్గా ఉడకలేదు. ఉప్పు కషాయం. ఒక్క గింజ వదలకుండా తిన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు—

"అత్తా... ఇంకొంచెం వెయ్యవా?"

ముసలాయన గోడవైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. గరిటె అందుకున్నాడు.

"మెల్లగా తిను నాయనా... నోరు కాలుతుంది."

కుండలో కూర ఎప్పుడో చల్లారిపోయింది. స్టెర్గియోస్ ఊదుకుంటూ తిన్నాడు.