మూడు మెట్లు కిందికి

మూడో చరణంలో జలుబుతో ప్రీతి గొంతు పైకి ఎక్కలేదు, పైగా తుమ్మింది. కీబోర్డు వాయిస్తున్న విజయ్ కుమార్ ఆపాడు.

"మీరు ఎక్కువ శ్రుతిలో మొదలుపెట్టారు," అంది ప్రీతి.

"రోజూ మొదలుపెట్టేదేనండీ."

"అయితే రోజూ ఎక్కువే."

ముదినేపల్లి చర్చిలో అది బుధవారం ప్రాక్టీసు. ఆదివారం కోతపండుగ. ప్రీతి నాయనమ్మ ఆనందమ్మ గారు నలభై ఏళ్ల కిందట కట్టి, నోట్‌బుక్‌లో దాచుకున్న పాటను ఆ రోజే మొదటిసారి చర్చిలో పాడాలి. ఆనందమ్మ గారికి ఎనభై రెండు. వచ్చే ఏడు చూద్దాంలే అని ఆవిడతో ఎవరూ అనరు.

"శనివారానికి గొంతు రాకపోతే పాట తీసేద్దాం," అన్నారు పాటల బృందాన్ని నడిపే విల్సన్ గారు. ఆయన ప్రీతి తండ్రి. అయినా అన్నారు.

విజయ్ కుమార్ చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాడు. రెండేళ్లుగా ప్రీతి వెనక కూర్చుని వాయిస్తున్నాడు. ఆమె జడ గురించి తెలిసినంతగా ముఖం గురించి తెలియదు.

గురువారం పొద్దున ఆనందమ్మ గారు శొంఠి కాఫీ ఇచ్చి, పసుపు వేసిన నీళ్లతో ఆవిరి పట్టించారు. పక్కింటి వీరమ్మ వాము వేయించి గుడ్డలో కట్టి తెచ్చింది.

"పీల్చు."

"ఆవిరి పట్టాను కదా పిన్నీ."

"అది మీ నాయనమ్మది. ఇది నాది."

ఆ సాయంత్రం ప్రాక్టీసులో మూడో చరణం కొంచెం ఎక్కింది. "శొంఠి," అన్నారు ఆనందమ్మ గారు. శుక్రవారం ఇంకాస్త ఎక్కింది. "వాము," అంది వీరమ్మ. శనివారం పూర్తిగా పలికింది. ముందురోజు రాత్రి తాగించిన మిరియాల పాలు నావంటే నావని ఇద్దరూ అన్నారు.

ముక్కు మాత్రం దేనికీ లొంగలేదు. గొంతు ఒక్కటే ఎలా బాగుపడిందని ఎవరూ అడగలేదు.

ఆదివారం గుమ్మడికాయల, అరటి గెలల, కొత్త ధాన్యం బస్తాల మధ్య నిలబడి ప్రీతి పాడింది. ముందు వరసలో ఆనందమ్మ గారు కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. దానికి మురికేమీ లేదు.

ఆరాధన అయ్యాక నోట్‌బుక్ కోసం ప్రీతి కీబోర్డు దగ్గరకు వెళ్లింది. తెరమీద శ్రుతి పక్కన మైనస్ మూడు అని ఉంది.

"ఇదేంటి?"

"సెట్టింగండీ."

"బుధవారం ఎంత?"

"సున్నా. గురువారం ఒక మెట్టు దించాను. శుక్రవారం రెండు. నిన్న మూడు."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే సున్నాలోనే పాడతానంటారు."

అది నిజమే. ప్రీతి నోట్‌బుక్ తీసుకుని మూసింది.

"నాయనమ్మకి తెలిస్తే?"

"గురువారమే తెలిసిందండీ. ఆవిడ పాటే కదా. ఇంకొకటి దించు బాబూ, వీరమ్మకి మాత్రం చెప్పకు అన్నారు."

ప్రీతికి నవ్వొచ్చింది. తర్వాత దగ్గొచ్చింది.

"వచ్చే ఆదివారం అమ్మానాన్నలతో వచ్చి మీ నాన్నగారితో మాట్లాడదామనుకుంటున్నాను. మీకు ఇష్టమైతేనే," అన్నాడు విజయ్ కుమార్.

"ఏం మాట్లాడతారు?"

"అదే ప్రాక్టీస్ చేస్తున్నాను."

"బాగా చెయ్యండి. మా నాన్నకి శ్రుతి తప్పితే నచ్చదు," అంది ప్రీతి, అతని ముఖం మొదటిసారి తీరిగ్గా చూస్తూ.

ఆదివారం వచ్చింది. ప్రీతి జలుబు ఆమెను వదిలి విజయ్ కుమార్‌ను పట్టుకుంది.

"చెప్పు బాబూ, ఏమిటి విషయం?" అన్నారు విల్సన్ గారు.

విజయ్ కుమార్ నోరు తెరిచాడు. స్టార్ట్ కాని ఆయిల్ ఇంజన్ చప్పుడు వచ్చింది. వాళ్ల అమ్మానాన్నలు ఒకరినొకరు చూసుకున్నారు.

ప్రీతి వంటింట్లోంచి వచ్చింది. "నన్ను పెళ్లి చేసుకుంటానని అడగడానికి వచ్చారు నాన్నా. నాకు ఇష్టమే."

"అతను అడగాల్సింది నువ్వు అడుగుతావేం?"

"ఒకరికి గొంతు రానప్పుడు రెండోవాళ్లు సర్దుకోవాలి నాన్నా."

విల్సన్ గారికి అర్థం కాలేదు. తల్లివైపు చూశారు.

"గొంతుకి మన దగ్గర మందుంది," అన్నారు ఆనందమ్మ గారు. "చెవికి లేదు. చెవి ఉన్నవాణ్ణి వదులుకోకు."

విల్సన్ గారు తల్లి మాట కాదనలేదు. ఈలోపు వీరమ్మ మూటతో వచ్చేసింది.

విజయ్ కుమార్ శొంఠి కాఫీ తాగాడు. వామూ పీల్చాడు. నాలుగు రోజులకు గొంతు వచ్చాక, ఏది పనిచేసిందని ఇద్దరూ అడిగారు.

"రెండూనండీ," అన్నాడు.