పచ్చదీపం ఆరని ఇల్లు

ఆ సందు చివరి ఇంటి ముందు చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. ఎదురింటి దర్జీ అయితే అటువైపు కిటికీకి ఏకంగా మేకులు కొట్టేశాడు.

ఆ ఇంట్లో ఒక బస్సు డ్రైవరు క్యాన్సరుతో పోయాడు. నాలుగు నెలలైంది. వీధి తలుపుకి తాళం. అయినా రాత్రిళ్ళు లోపల పచ్చటి వెలుగు మిణుకుమంటుంది... ఆగి ఆగి, గిర్ర్... మని ఓ చప్పుడు. డ్రైవరు ఇంకా బస్సు స్టార్టు చేస్తున్నాడని సందులో వాళ్ళు గుసగుసలాడుకునేవాళ్ళు.

ఈ సంగతి నాకు చెప్పింది మా వదిన. ఇళ్ళకు తిరిగి క్యాన్సరు రోగులను చూసుకునే నర్సు. కోతలు కోసే మనిషి కాదు, కొయ్యాలన్నా ఆమెకి తీరికుండదు.

ఓ రాత్రి ఆమె డ్యూటీలో ఉండగా ఒక టీచరమ్మ భర్త ఫోను చేశాడట. మింగిన మాత్ర మింగినట్టే వాంతయిపోతోంది, నొప్పికి భార్య మెలికలు తిరిగిపోతోంది అన్నాడు. అలాంటప్పుడు పెట్టేది మందు పంపు. అరచేతిలో పట్టేంత పెట్టె, సిరంజీలోని నొప్పి మందును రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి తోస్తూంటుంది. వదిన వాళ్ళ ఆఫీసుకి ఉన్నవి మూడే. రెండు వేరే రోగుల దగ్గరున్నాయి. మరి మూడోది?

రిజిస్టరు తిరగేసింది. మూడోదాని ఎదురుగా చివరి పేరు... డ్రైవరుది.

ఆయన పోయిన రోజు వదిన సెలవులో ఉంది. బదులు వెళ్ళినామె పంపు తేవడం మరిచిపోయింది; మూడోదాని అవసరం రాక ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రోగి లేచి తలుపు తియ్యలేడని ఇంటివాళ్ళిచ్చిన తాళంచెవి ఇంకా వదిన గుత్తిలోనే ఉంది.

తెల్లారాక వెళదామనుకుంది. కానీ టీచరమ్మ తెల్లారేదాకా ఎలా తట్టుకుంటుంది?

వెళ్ళింది. తాళం తీసింది. స్విచ్చి నొక్కితే లైటు వెలగలేదు. టార్చి పట్టుకుని ముందు గది దాటింది... లోపలి గదిలో పచ్చటి చుక్క. వెలిగింది... ఆరింది... వెలిగింది.

గిర్ర్...

ఆ దీపం, ఆ చప్పుడు వదినకి బాగా తెలుసు. పంపువే. తెలిసినందుకే గుమ్మంలోనే ఆగిపోయింది. దాని బ్యాటరీ వారం కూడా రాదు. మరి నాలుగు నెలలుగా దాన్ని నడుపుతున్నదెవరు?

టార్చి వెలుగు మంచం మీద పడింది. దుప్పటి కింద మనిషి పడుకున్నంత మేర ఎత్తుగా ఉంది. పంపు గొట్టం ఆ దుప్పటిలోకే పోతోంది. వదిన చెయ్యి చాచింది... పరుపు చల్లగా, తడితడిగా తగిలింది.

వెనక నుంచి ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

“మెల్లగా సిస్టర్... ఇప్పుడే కునుకు పట్టింది.”

వదినకి పైప్రాణాలు పైనే పోయాయి. టార్చి జారి నేల మీద దొర్లింది. ఆ వెలుతురులో ముందు చెప్పులు కనిపించాయి, తరవాత ముఖం.

డ్రైవరు అక్క. తమ్ముణ్ణి చివరిదాకా ఒంటిచేత్తో చూసుకున్న మనిషి. ఇంటికి తాళం పెట్టి ఎవరో చుట్టాలింటికి వెళ్ళిపోయిందని వదిన విన్నది. కానీ రోజూ పొద్దుగూకాక వెనక తలుపుగుండా వచ్చేదట. సిరంజీలో నీళ్ళు నింపి, బ్యాటరీ అయిపోతే మార్చి, మంచం పక్కనే కూర్చునేదట. దుప్పటి కింద ఉన్నవి దిళ్ళు.

ఎందుకక్కా ఇదంతా అని అడిగింది వదిన.

“మీరే కదా చెప్పారు,” అందామె. “ఆ పచ్చదీపం వెలుగుతున్నంతసేపు తమ్ముడికేం కాదు... నిశ్చింతగా పడుకోమని.”

వదినకి భయం పోయి ఏడుపొచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఆమె చెప్పే ధైర్యం అదే.

మెల్లగా టీచరమ్మ సంగతి చెప్పింది. అక్క దుప్పటి అంచు సర్దింది. పంపు ఇంకోసారి గిర్రుమంది. అప్పుడు ఆమే వంగి బ్యాటరీ తీసేసింది. దీపం ఆరిపోయింది. చీకట్లో తడుముకుంటూ వదిన చేతిలో రెండు కొత్త బ్యాటరీలు పెట్టింది.

వదిన పంపును శుభ్రంగా తుడిచి, కొత్త సిరంజీ, కొత్త గొట్టంతో టీచరమ్మకి మందు పెట్టింది. కాసేపటికి ఆవిడ బిగించిన పిడికిలి వదులైంది. భర్త కళ్ళు తుడుచుకున్నాడు.

“ఈ దీపం వెలుగుతున్నంతసేపు ఆమెకేం కాదు కదా సిస్టర్?”

అలవాటైన మాట వదిన నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

“నొప్పి తెలియదు,” అంది. “అంతవరకే నేను చెప్పగలను.”

ఆయన తలూపాడు. విన్నట్టు లేడు. కుర్చీ పంపు దగ్గరికి జరుపుకుని, ఇంట్లో బ్యాటరీలు ఎన్ని తెచ్చిపెట్టుకోవాలని అడిగాడు. ఆ రాత్రి మొత్తంలో మా వదినకి నిజంగా భయం వేసింది అప్పుడేనట.