పెద్దలద్దంలో ఖాళీ చోటు

పెద్దలకు కాఫీ చూపించడం నూకాలు వంతు. ఆ పొద్దున కూడా గ్లాసు పట్టుకుని ముందుగదిలో పెద్దలద్దం ఎదుట నిలబడింది. అద్దంలో వరుసలుగా కూర్చున్న అత్తింటి పెద్దలు ఒకరి తరువాత ఒకరు తలలూపారు. వెనక వరుసలోని ముసలాయన ఎప్పటిలాగే చక్కెర ఎక్కువైందన్నాడు. ఆయన బతికిన కాలానికి ఆ ఊళ్ళో కాఫీయే లేదు. అయినా కోడళ్ళ చేతివంటకు వంక పెట్టడం పెద్దరికంలో భాగమని అద్దానికి ఎవరో నేర్పినట్టున్నారు.

గ్లాసు దించబోతూ నూకాలు ముందువరుస వంక చూసింది. అక్కడ ఆమె పోగొట్టుకున్న పసివాళ్ళిద్దరూ కూర్చుని ఉంటారు. బతికి ఉన్నప్పుడు వాళ్ళు కూర్చునే వయసుకు రానేలేదు. పుట్టుక నమోదు, చావు నమోదు తప్ప వాళ్ళ గురించి అద్దానికి తెలిసింది ఏమీ లేదు కనుక, ఇంటివాళ్ళ పోలికలన్నీ కలిపి అదే వాళ్ళకు ముఖాలు అల్లింది. ఆ రోజు ఇద్దరూ కాస్త ఎడంగా జరిగి ఉన్నారు. వాళ్ళ మధ్య ఇంకో పసిబిడ్డకు సరిపోయేంత చోటుంది.

నూకాలు గ్లాసు అక్కడే దించేసి పరుగెత్తింది. లోపలిగదిలో, ఉయ్యాలలో, ఆమె మూడో బిడ్డ పారమ్మ నిద్రపోతోంది.

పెద్దలద్దం రాకముందు మనుషులు ముత్తాత పేరు చెప్పమంటే తడుముకునేవారట. ప్రభుత్వం వంశకేంద్రాలు తెరిచి, జనన మరణాల నమోదులు, భూమి దస్తావేజులు, బడి రిజిస్టర్లు, రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు అన్నీ ఒకచోట చేర్చింది. వాటిని రక్తపరీక్షలతో సరిచూసి, ప్రతి ఇంటికీ దాని పెద్దలను వెతికి అద్దంలో కూర్చోబెట్టి ఇచ్చింది. జనం మురిసిపోయారు. క్రమంగా పెళ్ళి సంబంధానికీ, పొలం అమ్మకానికీ, చివరకు గోడకు సున్నం వేయడానికీ అద్దాన్ని అడగడం అలవాటైంది. పెద్దలు తమ పేర్లే పెట్టాలని పట్టుబట్టడంతో బడిలో హాజరు పిలుస్తుంటే అందరూ తాతలూ అమ్మమ్మలే పలికేవారు. పారమ్మకు ఆ పేరు అలా వచ్చిందే. వద్దనుకుంటే అద్దం తీసేయడానికి వీల్లేదు. అద్దం లేని ఇంటికి నీళ్ళూ కరెంటూ ఇవ్వకూడదని చట్టం.

నూకాలు, ఆమె భర్త చిన్నంనాయుడు ఆ రోజే పారమ్మను ఎత్తుకుని వంశకేంద్రానికి వెళ్ళారు. నాగావళి ఒడ్డున కొత్తగా కట్టిన భవనం అది. అక్కడి అధికారిణి మర్యాదస్తురాలు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అంతా ఓపికగా విన్నది.

"అద్దం జోస్యం చెప్పదమ్మా," అన్నది. "మీ వంశంలో ఇప్పటిదాకా జరిగినవన్నీ చూసుకుని, ముందుముందు ఎవరికి చోటు కావలసివస్తుందో అంచనా వేసి సర్దుకుంటుంది. అంతే."

ఆ అంచనా తప్పుతుందా అని చిన్నంనాయుడు అడిగాడు. ఎప్పుడైనా తప్పవచ్చునని ఆమె అన్నది గాని, అబద్ధం చెప్పడం చేతగాని మనిషి కావడంతో కళ్ళు దించుకుంది. ఆ చోటు తీసేయమని నూకాలు బతిమాలింది. బిడ్డ ఆ వంశంలో ఉన్నంతకాలం తన చేతిలో ఏమీ లేదని అధికారిణి చెప్పింది. డాక్టర్లు పారమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, గుండ్రాయిలా ఉందని పంపించేశారు. మొదటి ఇద్దరి విషయంలోనూ వాళ్ళు అదే మాట అన్నారు.

ఇంటికి వచ్చాక అత్తగారు గురమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, మెల్లగా ఓ పాత సంగతి బయటపెట్టింది. అద్దంలో మూడో వరుసలో తవిటమ్మ అనే ముత్తవ్వ ఉంది. పండు ముసలిదయ్యేదాకా బతికిన మనిషి. ఆ పేరు ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే, అద్దంలోని తవిటమ్మ తనకు తెలియదంటుంది. ఏ నమోదులోనూ ఆ కారణం రాసి లేదు మరి. గురమ్మకు మాత్రం ఆమె అత్తగారు చెప్పింది. ఒక ఇంట్లో పిల్లలు నిలవకపోతే, తరువాత పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి, ఇరుగింటివాళ్ళకు గుప్పెడు తవుడుకు అమ్మేసేవారట. అప్పుడు ఈ ఇంటి పిల్లల కోసం వచ్చే చావు, ఇది వేరే ఇంటి బిడ్డ అనుకుని వెళ్ళిపోతుందట. అమ్మకమంతా ఉత్తుత్తిదే. ఆ వెంటనే తల్లి బిడ్డను తెచ్చుకుని, పరాయి బిడ్డను పెంచుతున్నట్టుగా పెంచుకునేది.

చదువుకున్న నూకాలు మామూలు రోజుల్లో అయితే ఈ మాటకు నవ్వేది. అప్పుడు నవ్వలేదు. వెళ్ళి చేట తెచ్చింది.

పక్కింటి పోలమ్మ అట్లు పోసి అమ్ముకుంటుంది. తుఫానులో కొట్టుకుపోయిన ఓ పల్లెలో పసిగుడ్డుగా దొరికింది. రాష్ట్రంలోని నమోదులన్నీ గాలించినా ఆమెకు ఒక్క పెద్ద కూడా దొరకలేదు. అలాంటివారిని ప్రభుత్వం మూలరహితులు అంటుంది. ఆమె ఇంటి అద్దంలో ఆమె ముఖమే కనిపిస్తుంది. అందుకని ఎవరూ ఆమెను శుభకార్యాలకు పిలవరు. నూకాలు పిలిచేసరికి ఆమె చేతులు తుడుచుకుంటూ, కొంగులో తవుడు పోసుకుని పరుగున వచ్చింది.

ఏ మంచిపనైనా పెద్దల ఎదుట చేయడం అలవాటు కనుక, ఈ అమ్మకాన్నీ ముందుగదిలో అద్దం ముందే జరిపించారు. పోలమ్మ తవుడు పోసింది, చేట అందుకుంది, తిరిగి ఇచ్చింది. పెద్దలందరూ మనవరాలి వేడుక చూసి నవ్వారు. తవిటమ్మ అయితే, తమ పారమ్మ చల్లగా ఉండాలని రెండు చేతులూ ఎత్తి దీవించింది.

మరునాడు ఆ చోటు అలాగే ఉంది. పసివాళ్ళిద్దరూ ముఖాలు తిప్పి, ఉయ్యాల ఉన్న గదివైపు చూస్తున్నారు.

గురమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎవులికి తెలీకుండా దాయాలో ఆల ముందే అమ్మినాం గదే! మన బుద్ధి గడ్డి తిన్నాది."

ఇక ఉత్తుత్తి అమ్మకంతో పని జరగదని నూకాలుకు అర్థమైంది. నమోదునే నమ్మేదానికి నమోదే చూపించాలి. పారమ్మను పోలమ్మ బిడ్డగా రాసివ్వడానికి అందరూ వంశకేంద్రానికి వెళ్ళారు. ఈ వంశమార్పిడి ఒకసారి చేస్తే వెనక్కు తీసుకోవడం కుదరదని అధికారిణి గట్టిగా హెచ్చరించింది. చిన్నంనాయుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నూకాలు సంతకం చేయబోతుండగా పోలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆనక నా గుంట, నా బిడ్డ అని రావు గదా నూకాలూ? నాకెవులూ నేరు. ఇచ్చీసినాక మళ్ళీ అడిగితే నాను బతకనేను."

"రాను," అన్నది నూకాలు. "దాన్ని బతకనీ, సాలు."

మర్నాడు అద్దంలో పసివాళ్ళిద్దరూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. మధ్యలో చోటు లేదు. నూకాలు వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని, కడుపారా ఏడ్చింది. అంత సంతోషం ఆమె జన్మలో ఎరుగదు.

బిడ్డ పోలమ్మ ఇంట్లో పెరిగింది. పేరు తవుడు అని మార్చారు. పాలు మాన్పించేదాకా నూకాలు పోలమ్మ పెరటివైపు నుంచి వెళ్ళి ఇచ్చి వచ్చేది. తవుడుకు మాటలు వచ్చాక పోలమ్మను అమ్మా అనీ, నూకాలును పిన్నీ అనీ పిలిచింది. నూకాలు ఆ పిలుపుకు పలకడం నేర్చుకుంది. ఆ పిల్ల మోకాలు కొట్టుకుని ఏడుస్తూ, ఎదురుగా ఉన్న తనను దాటుకుని పోలమ్మ ఒళ్ళోకి పరుగెత్తిన రోజున మాత్రం ఆమెకు అన్నం సహించలేదు.

ఇలాంటి సంగతి దాగుతుందా! అద్దాల్లో ఖాళీలు చూసి గుండె జారిన తల్లులు ఊరూరా మూలరహితుల కోసం వెతకడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా అద్దెకు ఇల్లు దొరకని వాళ్ళ అరుగులన్నీ పిల్లలతో నిండిపోయాయి. మార్పిడులన్నీ తనే నమోదు చేస్తున్నా, ఇన్ని వంశాలు ఒక్కసారిగా ఎందుకు ఆగిపోతున్నాయో వంశకేంద్రానికి బోధపడలేదు. నీళ్ళలో లోపం ఉందేమోనని పరీక్షలు చేయించింది. ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే పెద్దలు పిల్లలేరని అడిగేవారు. పెద్దల మాటకు ఎదురు చెప్పడం తెలియని జనం, మొదటిసారిగా, వాళ్ళకు అబద్ధం చెప్పడం నేర్చుకున్నారు.

ఒక మధ్యాహ్నం తవుడు కోడిపిల్లను తరుముకుంటూ నూకాలు ముందుగదిలోకి వచ్చేసింది. అద్దంలో గొణుగుడు ఆగిపోయింది. తవిటమ్మ ముందుకు వంగింది.

"ఎవుల గుంటే అది?"

"పక్కింటి పోలమ్మ గుంట."

"మన పోలికలున్నాయే."

"నేవు అవ్వా," అన్నది నూకాలు.

పోలికలు వెతికి కలపడం కోసమే పుట్టిన వస్తువు అది. పెద్దలందరూ ఒక్కసారిగా తలలు తిప్పారు. పిల్ల ముక్కును, చెవులను, నుదుటిని ఒక్కొక్కటిగా చూస్తున్నారు. ముందువరుసలో పసివాళ్ళిద్దరూ భుజాలు విడదీసుకుని కొద్దికొద్దిగా ఎడం జరుగుతున్నారు.

నూకాలు పిల్లను రెక్క పట్టుకుని బయటికి నెట్టి తలుపు వేసింది. తవుడు అది ఆటనుకుంది. నవ్వుతూ తలుపు తట్టింది. కాసేపటికి నవ్వు ఆగింది.

"పిన్నీ, తలుపు తియ్యి. నానేటి సేసినాను?"

"ఎవులే బయట?" అని అడిగింది తవిటమ్మ.

నూకాలు తలుపుకు వీపు ఆనించి నిలబడింది. చిన్న చేతులు కొడుతున్న దెబ్బలు వెన్నుకు తగులుతున్నాయి.

"ఎవులూ నేరవ్వా. గాలి."

పెద్దలు నమ్మారో లేదో గాని, ఒక్కొక్కరే తలలు తిప్పుకున్నారు. పసివాళ్ళు మళ్ళీ దగ్గరికి జరిగారు. బయట పిల్ల ఏడ్చి ఏడ్చి అలిసి, పోలమ్మను పిలుచుకుంటూ వెళ్ళిపోయింది. నూకాలు ఆ పిల్లకు ఆ తలుపు మళ్ళీ ఎన్నడూ తీయలేదు.