జిమిన్ అడిగిన కలం

"టార్గెట్ చంద్రిక," అన్నాడు చక్రపాణి.

ట్రాయ్ అనే ఊళ్లో ఇండియన్ గ్రోసరీ స్టోర్ ముందున్న పార్కింగ్ లాట్. కారు అద్దాలు ఎత్తి ఉన్నాయి. పై అధికారి నోట ఆ పేరు వినగానే సీక్రెట్ ఏజెంట్ తేజేశ్వర్ అతని వైపు తిరిగాడు.

"మన చంద్రికేనా సార్?"

"మన ఏంటి, మన! మూడేళ్ల కిందట ఆమె ఫారిన్ ఏజెంట్‌కి ఫైల్ ఇస్తుంటే కళ్లారా చూశానని స్టేట్‌మెంట్ సైన్ చేసింది నువ్వేగా?"

సైన్ చేశాడు. కళ్లారా చూడలేదు. చెయ్యకపోతే నీ సెక్యూరిటీ క్లియరెన్స్, దాంతోపాటు ఉద్యోగం పోతాయని ఇదే చక్రపాణి బెదిరిస్తే, పెన్ను తీసుకుని గీకిపారేశాడు. రెండుసార్లు తన ప్రాణం కాపాడిన పార్ట్‌నర్‌కి ఆ ఒక్క గీతతో ఉద్యోగం పోయింది, పరువూ పోయింది. ఆ రోజు నుంచి తేజేశ్వర్‌కు తిన్నది ఒంటబట్టడం లేదు.

చక్రపాణి బియ్యపు గింజంత పరికరం చేతిలో పెట్టాడు.

"ట్రాకర్. సెల్ఫ్-డ్రైవింగ్ ట్రక్కుల సాఫ్ట్‌వేర్ కొట్టేసిన ఫారిన్ గ్యాంగ్‌లో ఉంది ఆమె. ఈరోజు జ్ఞానప్రసూన గారింటికి లంచ్‌కి వస్తోంది. చెప్పులకి అంటించెయ్. మిగతాది నేను హ్యాండిల్ చేస్తా."

జ్ఞానప్రసూన రిటైరైన హిస్టరీ ప్రొఫెసర్. కొత్త పుస్తకం వచ్చిన సందర్భంగా ఆ లంచ్. తేజేశ్వర్ గడ్డం అంటించుకుని వెబ్ మ్యాగజైన్ రిపోర్టర్ అవతారమెత్తాడు. గరాజ్ తలుపు దగ్గర నలభై జతల చెప్పులు గుట్టపడి ఉన్నాయి. చంద్రిక ఎర్ర శాండిల్స్ విప్పి లోపలికెళ్లడం కారులోంచే చూశాడు. బూట్లు విప్పుతున్నట్టు వంగి పని కానిచ్చాడు.

లోపల నెమలికంఠం రంగు పట్టుచీరలో చంద్రిక వెలిగిపోతోంది. ప్లేటు పట్టుకుని పక్కనుంచి వెళ్తూ, "గడ్డం సూట్ కాలేదు తేజా," అని గొణిగింది. అతను గడ్డం సరిచేసుకున్నాడు.

జ్ఞానప్రసూన తన పుస్తకం గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"పావెల్ జిమిన్ రష్యాలో మొదటి తరం విప్లవకారుడు. జైళ్లు చూశాడు, సైబీరియా చూశాడు, ఆనక మంత్రీ అయ్యాడు. అంతటి మొండివాడు ఒక్కరోజు భయపడ్డాడు. స్నేహితుడు ఒసిప్ దేశద్రోహి అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఒసిప్‌ని కాల్చేశారు. రెండేళ్లు తిరక్కుండా అలాంటి కాగితమే జిమిన్ మీదకీ వచ్చింది. చివరి కోరిక ఏంటంటే, కలం అడిగాడట. ఒసిప్ మీద పెట్టింది దొంగ సంతకమని రాయడానికి. ఇవ్వలేదు బాబూ!"

నోట్స్ రాసుకుంటున్న రిపోర్టర్ వైపు చూసి అందామె ఆ చివరి మాట. తేజేశ్వర్ గొంతులో పులిహోర అడ్డం పడింది. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు. భోజనాలయ్యి కొందరు బయల్దేరుతుంటే, ఇక ఆగలేక కిచెన్‌లో చంద్రికను పట్టుకున్నాడు.

"పారిపో చంద్రికా. నీ చెప్పులకి ట్రాకర్ పెట్టాను."

"ఎవరిచ్చారు?"

"చక్రపాణి."

ఆమె చేతిలో ప్లేటు పక్కన పడేసింది. "ఓరి పిచ్చోడా! ఆ గ్యాంగ్‌కి మన ఆఫీస్‌లో ఉన్న మనిషి ఆయనే. అది ప్రూవ్ చెయ్యడానికే ఇన్నాళ్లూ వాళ్లలో చేరి నాటకమాడాను. నిన్ననే హెడ్‌క్వార్టర్స్‌కి అంతా పంపేశా. వాళ్ల పద్ధతి నాకు తెలుసు, అది ట్రాకర్ కాదు, ట్రక్కుకి గురి చూపించే బీకన్! బయటికి రాగానే డ్రైవర్ లేని ట్రక్కొకటి దాని మీదకొచ్చి గుద్దేస్తుంది!"

ఇద్దరూ గరాజ్‌లోకి పరుగెత్తారు. ఎర్ర శాండిల్స్ లేవు.

మనవాళ్ల పార్టీల్లో భోజనం గంట, కారు దగ్గర వీడ్కోలు గంటన్నర. సాగనంపడానికి వెళ్లే ఇల్లాలు గుమ్మంలో ఏ చెప్పులు కాలికి తగిలితే అవే తొడుక్కుంటుంది. జ్ఞానప్రసూన డ్రైవ్‌వే చివర ఎవరి కారు కిటికీ మీదకో వంగి గోంగూర పచ్చడి కొలతలు చెబుతోంది. కాళ్లకు ఎర్ర శాండిల్స్. వీధి మలుపులో తెల్ల ట్రక్కు కనిపించింది. స్టీరింగ్ ముందు ఎవరూ లేరు.

తేజేశ్వర్ సాక్స్‌తోనే మంచులో పరుగెత్తాడు.

"ఆంటీ, చెప్పులు విప్పండి!"

"ఏంటి బాబూ?"

జవాబు చెప్పే టైమ్ లేదు. ఆమె కాళ్ల దగ్గర కూలబడి, రెండు శాండిల్సూ లాగి, ఎదురుగా ఉన్న చెరువులోకి బలం కొద్దీ విసిరాడు. ట్రక్కు మూరెడు దూరంలో గిర్రున తిరిగి, పలచటి మంచు పెళ్లలు పగలగొట్టుకుంటూ నీళ్లలో మునిగింది.

వీధి చివర కారులో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న చక్రపాణిని హెడ్‌క్వార్టర్స్ మనుషులు చుట్టుముట్టారు.

"ఒక్కమాట చెబితే విప్పి ఇచ్చేదాన్నిగా!" అని చీర దులుపుకుంది జ్ఞానప్రసూన.

తేజేశ్వర్ గడ్డం పీకేశాడు. "ఆంటీ, పెన్నుందా?"

లోపలికొచ్చి, జిమిన్ పుస్తకం చివర ఉన్న ఖాళీ పేజీలో రాశాడు. చంద్రిక ఫైల్ ఇవ్వడం తాను చూడలేదనీ, భయపడి అబద్ధం చెప్పాననీ రాసి సంతకం పెట్టాడు. ఇక తన ఉద్యోగం ఉండదు. కేసు కూడా పడుతుంది.

"సారీ చెప్పే మొహం కూడా లేదు నాకు," అంటూ అందించాడు.

చంద్రిక రెండుసార్లు చదివింది. "డేట్ వెయ్యి," అంది.

వేశాడు. ఆమె ఆ పేజీ చింపి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. తన ఉత్త కాళ్లను, బయటి మంచును చూసి, గుమ్మంలో ఉన్న అతని బూట్లలో కాళ్లు దూర్చి, టపటపా ఈడ్చుకుంటూ కారు వైపు నడిచింది.

తడిసిన సాక్స్‌తో నిలబడ్డ తేజేశ్వర్ నసిగాడు. "నా బూట్లు..."

చంద్రిక వెనక్కి తిరక్కుండానే అంది.

"మూడేళ్లాగు. ఇస్తా."