నెహెమ్యా పోగొట్టుకున్న ‘క’

గుణింతం దిద్దిన చేయి ఎవరిదైనా ఒక్కోసారి తడబడుతుంది. కొమ్ము పడాల్సిన చోట దీర్ఘం పడుతుంది, ఒత్తు జారిపోతుంది. అంతమాత్రాన భూమి గుండ్రంగా తిరగడం మానుకోదు. కానీ నెహెమ్యా చేతిలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందంటే, సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఎవరో ఒకరికి ఆ పూట అన్నం సయించదు.

ఆ శుక్రవారం పొద్దున్నే ఆరింటికి సుజితకు ఒళ్ళు మండింది అందుకే.

ఆసుపత్రి గేటు దగ్గర మినీబస్సు ఆగి ఉంది. నర్సులు ఎనిమిది మంది ఎక్కి కూర్చున్నారు. మెట్ల దగ్గర మాత్రం ఇస్త్రీ చొక్కా, మెలితిప్పిన మీసంతో అనంతపురం సురేంద్ర అడ్డంగా నిలబడ్డాడు. బిల్డింగుల దగ్గర మేస్త్రీ ఆయన.

“ఏందప్పా నెహెమ్యా, మనోళ్ళ కోట ఎంత దూరముంది? మా యాదవులు ఇంత దూరమొచ్చి కోట కట్టినారని నాకెవురూ చెప్పనే లేదే! మా నాయనకు ఫోన్ చేసి చెప్తే ఆయప్ప ఏడ్చినంత పని చేసినాడు.”

సుజిత తన ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో ప్రకటన చూసింది. ‘నజ్రాన్‌లో యూదుల ఆనవాళ్ళు, ఒకరోజు యాత్ర’ అని ఉండాల్సిన చోట ‘నజ్రాన్‌లో యాదవుల ఆనవాళ్ళు’ అని ఉంది.

“నెహెమ్యా గారూ! పంపే ముందు ఒక్కసారి చదవరా?”

“చదివానండి. పంపాక చదివాను.”

“మరి దిద్దొచ్చుగా?”

“అప్పటికే సురేంద్రన్న వస్తానని బొటనవేలు పెట్టేశాడండి. ఆశపడ్డ మనిషిని ఎలా కాదంటాం?”

సుజిత తల పట్టుకుంది. సురేంద్ర మాత్రం తగ్గలేదు. “యూదులైతే ఏముందిలే. వాళ్ళూ గొర్రెలు కాసినోళ్ళే కదా?”

“దావీదు రాజు గొర్రెలు కాసినవాడే అన్నా!” అన్నాడు నెహెమ్యా హుషారుగా.

“ఇంకేం మరి, మనోడే! పద, బండి తీయి.”

నెహెమ్యాది రాజోలు. సుజితది నరసాపురం. నరసాపురం రేవులో పంటు ఎక్కితే పావుగంటలో అవతలి ఒడ్డు, అక్కడి నుంచి ఆటోలో అరగంట దూరం రాజోలు. అలాంటి పక్కపక్క ఊళ్ళవాళ్ళు ఎక్కడో ఇసకా రాళ్ళూ దాటి ఖమీస్‌లో కలిశారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. అతను నర్సులను క్వార్టర్స్ నుంచి డ్యూటీకి దింపే బస్సు డ్రైవరు. అదే ట్రావెల్స్ వాళ్ళు సెలవు రోజుల్లో యాత్రలు వేస్తే దానికీ అతనే. ఎనిమిది నెలలుగా డ్రైవరు వెనకసీటు సుజితదే. డ్రైవరు అద్దం కూడా ఎనిమిది నెలలుగా రోడ్డు వైపు కన్నా ఆ సీటు వైపే ఎక్కువ తిరిగి ఉంటోంది.

అద్దానికి నోరు లేదు, సరే. నెహెమ్యాకు ఉంది కదా! లోకంలో ఉన్నవన్నీ మాట్లాడతాడు. పులస ధర మాట్లాడతాడు, ఒంటె మోకాలి నొప్పి మాట్లాడతాడు. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి గేరు మారుస్తాడు. పూర్వం ఆ పేరు గలాయన యెరూషలేము గోడను యాభై రెండు రోజుల్లో కట్టించాడని సుజిత ఆదివార బడిలో చదువుకుంది. ఈ నెహెమ్యా ఎనిమిది నెలల్లో ఒక్క వాక్యం కట్టలేకపోయాడు.

ఇప్పుడిక గడువు లేదు. ఆమె అయిదేళ్ళ కాంట్రాక్టు అయిపోయింది. ఆదివారం పదింటికల్లా ఆఫీసులో సంతకం పెట్టాలి. పొడిగింపు కాగితం మీదా, ఇక ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కాగితం మీదా అన్నదే తేలాలి. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి వాళ్ళు రమ్మంటున్నారు కూడా. ఈ సంగతి బస్సులో అందరికీ తెలుసు. డ్రైవరుకు అందరికన్నా ముందు తెలుసు.

“ఏమ్మా సుజీ, ఏం తేల్చుకున్నావ్?” పక్కసీట్లో సీనియర్ సిస్టర్ దయావతి మెల్లగా అడిగింది.

“ఒక్క మాట చాలక్కా. ‘వెళ్ళకండి’ అంటే ఉండిపోతాను.”

“నువ్వే అడిగేయొచ్చుగా?”

“అడిగి వేయించుకున్న ఆవకాయకి రుచేముంటదక్కా?”

మూడు గంటల ప్రయాణం తర్వాత నజ్రాన్‌లో గైడు ఫారూఖ్ గారు బస్సెక్కారు. ఆ ఊరి పెద్దమనిషి, తెల్ల గడ్డం, తక్కువ మాటలు. ఆయన అరబీలో చెబుతారు, నెహెమ్యా తెలుగులోకి మారుస్తాడు. ఏర్పాటు బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. అయిదేళ్ళుగా సౌదీ ముసలమ్మలకు సూదులు వేసి వేసి సుజితకు అరబీ వచ్చేసింది.

అల్ ఉఖ్దూద్ పాత నగరపు రాతిగోడల మధ్య ఎండ చురుక్కుమంటోంది. ఫారూఖ్ గారు ఒక రాతి మీద చెక్కిన పామును చూపించి రెండే ముక్కలు అన్నారు: “ఇది పాము. ఎందుకు చెక్కారో తెలియదు.”

నెహెమ్యా గొంతు సవరించుకున్నాడు. “ఏమంటున్నారంటేనండి, పూర్వం ఇక్కడ తాటిచెట్టంత పాము ఉండేదట. రాత్రిళ్ళు గోడ చుట్టూ చుట్టుకుని కాపలా కాసేదట. దొంగలొస్తే బుస కొట్టేది, చుట్టాలొస్తే తోక ఊపేది. ఒకరోజు గోడ కట్టిన మేస్త్రీలు కూలి తగ్గిందని అలిగితే, ఆ పామే రాళ్ళు మోసి…”

“మేస్త్రీలకు పాతకాలం నుంచీ ఇదే కష్టమప్పా!” అన్నాడు సురేంద్ర కళ్ళు తుడుచుకుంటూ.

“అబద్ధం!” సుజిత ముందుకొచ్చింది. “ఆయన తెలియదన్నారు! లా అద్రీ అన్నారు, నేను విన్నాను!”

“అంత పెద్దాయన తెలియదంటే బాగోదని నేను కాస్త సాయం చేశానండి.”

కోతలు కోయడంలో నెహెమ్యా ముందు వరికోత మిషను బలాదూర్. యూదుమతం పుచ్చుకున్న యెమెన్ రాజు పదిహేను వందల ఏళ్ళ కిందట ఈ ఊరిమీదికి దండెత్తి, క్రీస్తు మీద నమ్మకం వదలనివాళ్ళను కందకంలో కాల్పించిన సంగతి ఫారూఖ్ గారు చెప్పినప్పుడు మాత్రం సొంత ముక్క ఒక్కటీ కలపకుండా చెప్పాడు. దయావతి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆమె కళ్ళు తెరిచేసరికి మళ్ళీ మొదలు. ఆ రాజుగారి ఒంటె ఏడు రోజులు ఏడ్చిందట, ఆ కన్నీళ్ళకే ఇక్కడి బావుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయట.

“చాలించండి!” సుజిత అరిచిన అరుపుకు, వీడియో తీస్తున్న నెహెమ్యా చేతిలోంచి ఫోన్ జారి, రెండు రాళ్ళమీద గంతులేసి, మూడో రాయి దగ్గర పడుకుంది.

“అయ్యో!” అంది ఆమె, కోపంలోనే నొచ్చుకుని.

“ఏం కాలేదండి. అద్దం మీద ఎడంపక్క చిన్న గీత. అంతే.”

ఆ గీత ఎంత పనికి పూనుకుందో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

చివరికి పాత మట్టి మిద్దెల వీధిలో ఫారూఖ్ గారు ఒక కూలిన గోడ ముందు ఆగారు. ఇంతసేపూ రెండేసి ముక్కలే మాట్లాడిన మనిషి ఇక్కడ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. నెహెమ్యా వింటూ వింటూ, నెత్తిమీది టోపీ తీశాడు. తర్వాత ఒక్క ఒంటె లేకుండా, ఒక్క పాము లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు.

“ఈ ఇల్లు వెండిపని చేసే యూదుల ఆయనదట. పక్కిల్లు ఈయన తాతగారిది. ఇద్దరూ ఒకే బావి నీళ్ళు తాగారట. ఈయన నాయనమ్మ పెళ్ళి కడియాలు ఆయన చేసినవేనట. డెబ్బై అయిదేళ్ళ కిందట యూదులందరూ ఊరు వదిలి ఏడెన్ ఓడరేవు దారి పట్టారు. ఆ పొద్దున తాతగారు స్నేహితుడి మూటలు ఒంటె మీద కట్టారట, నీళ్ళతిత్తి నింపారట, దారికి ఖర్జూరాలు ఇచ్చారట. అన్నీ చేశారట. ‘లా తురూహ్’ అనే మాట ఒక్కటి అనలేదట. అంటే ఆయన ఆగేవాడో కాదో తెలియదు. కానీ అనలేదే అని చచ్చిపోయేదాకా బాధపడ్డారట.”

“లా తురూహ్ అంటే ఏందప్పా?” అన్నాడు సురేంద్ర.

“‘వెళ్ళకు’ అని, అన్నా.”

అంటూ నెహెమ్యా సుజిత వైపు చూశాడు. సుజిత కూడా చూసింది. దయావతి సురేంద్ర చొక్కా పట్టుకుని నాలుగడుగులు అవతలికి లాక్కుపోయింది. మిగతావాళ్ళూ వాళ్ళ వెనకే కదిలారు. వీధి అంతా ఖాళీ. గాలి కూడా మర్యాదగా ఆగింది.

నెహెమ్యా టోపీని చేతుల్లో నలిపాడు. “సుజిత గారూ…”

“చెప్పండి.”

“భోజనాలకి ఆలస్యమవుతోందండి.”

ఆ క్షణంలో ఆ మిగిలిన గోడ కూడా కూలి అతని మీద పడితే బాగుండునని సుజితకు అనిపించింది.

తిరుగు దారిలో ఖమీస్ దగ్గరపడుతుండగా వాన అందుకుంది. అసీర్ కొండల వాన చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టం లాంటిది. వైపర్లు కిర్రు కిర్రుమంటున్నాయి.

“వానండి,” అన్నాడు నెహెమ్యా అద్దంలోకి చూస్తూ.

“కనబడుతోందండి,” అంది సుజిత కిటికీలోకి చూస్తూ.

అతను వైపర్ల వేగం పెంచాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె క్యాంటీన్‌లో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఫోన్ మోగింది. నెహెమ్యా నుంచి, ఆమెకు మాత్రమే వచ్చిన మెసేజి అది.

‘చాలా ఆలోచించి రాస్తున్నా సుజిత గారూ. మీరు వెళ్ళండి. ఇంతే నా మాట.’

ముద్ద కంచంలోకి తిరిగి వెళ్ళిపోయింది.

“ఎనిమిది నెలలు నోట్లో నానబెట్టి ఇదా అక్కా ఊడిపడింది?” ఆమె ఫోన్ దయావతి ముందు పెట్టింది. “‘వెళ్ళండి’ అట! నేనేమన్నా ఆయన బస్సుకి అడ్డం నిలబడ్డానా, తప్పుకోమనడానికి?”

అంతలో గ్రూపులో అతనిదే ఇంకోటి వచ్చింది. ‘నజ్రాన్ ఫోటోలు ఎవరూ డిలీట్ చేయండి. వచ్చే నెల తైమాలో యూదుల ఊరు చూద్దాం. మళ్ళీ లిసి వెళదాం.’

దయావతి కళ్ళజోడు సవరించుకుంది. “లిసి ఎవరే?”

సుజిత ముఖం ఎర్రబడింది. “ఇంకెవరు? డయాలసిస్ వార్డు లిస్సీ. కొట్టాయం పిల్ల. ఆ జుట్టు చూసుంటాడు. నన్ను వెళ్ళమన్న అయిదు నిమిషాలకే ఆమెతో తైమాకి తయారు!”

“కానీ లిస్సీకి పెళ్ళయింది కదే?”

“అంటే ఇంకా దుర్మార్గం అక్కా!”

ఆదివారం పొద్దున ఆఫీసులో మెహక్ అనే హైదరాబాదీ అమ్మాయి ఎగ్జిట్ కాగితం ముందుకు జరిపింది. “సిస్టర్, ఇక్కడ సైన్ చేయండి. చేసినంక మళ్ళ మార్చనీకి రాదు, సోచ్ లో, మంచిగ ఆలోచించుకోండి.”

సుజిత పెన్ను మూత తీసింది. ‘సు’ అని రాసింది కూడా. అప్పుడే గ్రూపులో సురేంద్ర మెసేజి వచ్చింది: ‘నువ్వు డిలీట్ చేయమన్నావని నా ఫోన్‌లో తీసిన ఫోటోలన్నీ తీసేసినానప్పా. ఇంతకూ లిసి ఎవురు? మనతో రాలేదే?’

దాని వెనకే నెహెమ్యా గొంతు. ఈసారి రాత కాదు, వాయిస్ మెసేజి. సుజిత నొక్కగానే ఆఫీసంతా వినబడింది.

“అయ్యో సురేంద్రన్నా! తీసేయొద్దన్నాను! చేయ-కం-డి అన్నా! ఫోన్ పడ్డ దగ్గర్నుంచి ‘క’ నొక్కితే పడట్లేదు. లిసి లేదు, గిసి లేదు, ‘కలిసి’ అన్నా, ‘కలిసి’! ఉన్న ఒక్క ఫోటోలో ఆవిడా నేనూ పక్కపక్కన పడ్డాం, అదీ పోగొట్టావా అన్నా…”

సుజిత పెన్ను ఆగింది. శనివారం నాటి మెసేజి మళ్ళీ తీసింది. మీరు వెళ్ళండి. ‘ళ్ళ’కూ ‘ండి’కీ మధ్య సందు చూసింది. అక్కడొక ‘క’ను మనసులోనే కూర్చోబెట్టి మళ్ళీ చదివింది. ఆమెకు ముందు నవ్వొచ్చింది. దాన్ని తోసుకుని కోపమొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

“నెహెమ్యా గారూ! నాకు పంపిన దాంట్లో కూడా ‘క’ పోయిందా?”

అవతల బస్సు బ్రేకు పడ్డ చప్పుడు.

“అయ్యబాబోయ్! మీకెలా వెళ్ళిందండీ అది?”

“నన్ను పొమ్మన్నట్టు వెళ్ళింది. నా ముందు ఎగ్జిట్ కాగితం ఉంది. ‘సు’ రాశాను, ‘జి’ దగ్గరున్నాను. ఇప్పుడు చెప్పండి.”

“అదేంటంటేనండి, పూర్వం రాజోలులో…”

“పూర్వం వద్దు! ఒంటెలొద్దు, పాములొద్దు. ఫారూఖ్ గారి తాత అనని మాట మీరంటారా, లేకపోతే నేను ‘జి’ రాసేయనా?”

“వెళ్ళకండి,” అన్నాడు నెహెమ్యా. “‘క’తో సహా చెబుతున్నానండి. వెళ్ళకండి. మీరు వెనకసీట్లో లేకపోతే నాకు ముందు దారి కనబడదండి.”

“అద్దం సరిగా తిప్పుకోండి, కనబడుతుంది,” అంది సుజిత. ఎగ్జిట్ కాగితం మెహక్ చేతిలో పెట్టింది. “ఇది చింపేయండి. పొడిగింపుది ఇవ్వండి.”

“మాషా అల్లాహ్!” అంది మెహక్, సగం సంతకాన్ని నాలుగు ముక్కలు చేస్తూ.

నరసాపురం నుంచి సుజిత అమ్మ, రాజోలు నుంచి నెహెమ్యా నాన్న, ఒకే పంటు మీద ఎదురుపడి సరేననుకున్నారు. పెళ్ళి నరసాపురం చర్చిలో ఖాయమైంది. ఫోన్ అద్దం మార్పించమని సుజిత పోరుతూనే ఉంది. మనల్ని కలిపిన పగులండి, ఎలా తీసేస్తాం అని నెహెమ్యా పంతం పట్టాడు. ఆ పంతంతోనే పెళ్ళి పిలుపు కూడా తనే రాసి, పంపాక చదివాడు.

పది నిమిషాల్లో సురేంద్ర ఫోన్.

“ఏమ్మా సుజితా, నేనేం తప్పు చేసినాను తల్లీ? ‘సురేంద్రన్నా, పెళ్ళిరోజు మీరు తప్ప రావాలి’ అని పంపినాడే మీ ఆయన! నేనొక్కణ్ణి తప్ప ఊరంతా రావాల్నా?”

సుజిత కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

“తప్పక అన్నా,” అంది. “తప్ప-క. ఆ ‘క’ నా దగ్గరుంది. మీరు రండి.”